ఆరు అన్నదెవరు?

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇరవై ఏళ్ళకు పైగా హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతున్నాను. స్టాఫ్ రూములో ఎవరైనా "మా మేనత్తగారి ఊళ్ళో ఏం జరిగిందంటేనండీ" అని గొంతు తగ్గించారంటే, నేను చాక్‌పీసు డబ్బా పట్టుకుని లేచిపోతాను. పిల్లి ఎదురొచ్చిందని ఏనాడూ ఆగలేదు. వాస్తు అడగకుండానే ఇల్లు కట్టుకున్నాను. ఇప్పుడు రాయబోయేది చదివి మీరు నన్నూ ఆ గొంతు తగ్గించేవాళ్ళలో కలిపేస్తారని తెలుసు. కలిపితే కలపండి. నేను మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తాను.

అసలు ఇందులో దయ్యం లేదు. పట్టపగలు విన్న ఒక మాట ఉంది, అంతే.

మొన్న వేసవిలో మా చెల్లెలి కూతుర్ని తీసుకుని కారులో విజయవాడ వెళ్ళాను. అమలాపురంలో ఎక్కినప్పుడు ఫోన్లో తల పెట్టింది, విజయవాడలో దిగినప్పుడు తీసింది. రావులపాలెం దగ్గర గోదావరి దాటాం, చూడలేదు. "చూడవే, గోదారి" అంటే "చూశాను పెద్దమ్మా" అంది, తల ఎత్తకుండానే. తిట్టబోయి ఊరుకున్నాను. మా చిన్నప్పటి కారు ప్రయాణాలు గుర్తొచ్చాయి. అవి గుర్తొస్తే ఆ రేవు కూడా గుర్తొస్తుంది. అందుకే నేను వాటి గురించి పెద్దగా మాట్లాడను.

మాది అమలాపురానికి నాలుగు మైళ్ళ అవతల కొబ్బరితోటల ఊరు. నాన్నగారికి ఓ పాత అంబాసిడర్ కారుండేది. ఏటా వేసవి సెలవుల్లో పిల్లలందర్నీ అందులో కూరి ఎక్కడికో ఒక చోటికి తీసుకెళ్ళేవారు. ఆరుగురం. పెద్దనాన్నగారు చిన్న వయసులోనే పోవడంతో ఆయన పిల్లలు ముగ్గురూ మా ఇంట్లోనే పెరిగారు. మేం ముగ్గురం. ముందు సీట్లో నాన్నగారు, అమ్మ, మా అన్నయ్య. వెనక ఐదుగురం.

కారులో రేడియో కూడా లేదు. లారీల వెనక రాసిన రాతలు పైకి చదవడం, మైలురాళ్ళు ఎవరు ముందు చూస్తే వాళ్ళకో మార్కు, ఊళ్ళ పేర్లతో ఆట, ఆట చెడితే జుట్లు పట్టుకోవడం. కిటికీ పక్క సీటుకి వంతులుండేవి. కాలవ వంతెన దాటిన ప్రతిసారీ వంతు మారాలి. మా కోనసీమలో కాలవ వంతెనలకి కొదవా? సీటు వెచ్చబడేలోపు లేవాల్సి వచ్చేది. అమ్మ ఒళ్ళో పులిహోర డబ్బా, కాళ్ళ దగ్గర మంచినీళ్ళ మరచెంబు. నా చేతిలో ఎప్పుడూ ఓ నిమ్మకాయ, ఎందుకంటే నాకు కారు పడదు. బయల్దేరిన అరగంటకల్లా వాంతి చేసుకునేదాన్ని. మా అన్నయ్య దాన్ని కూడా మార్కుల ఆటలో కలిపాడు.

ఇంకో సంగతి చెప్పాలి. మా కారులో లెక్క చెబితేగాని బండి కదిలేది కాదు.

ఓసారి రావులపాలెంలో కాఫీ హోటలు దగ్గర పెద్దనాన్నగారి పెద్దమ్మాయిని వదిలేసి నాలుగు మైళ్ళు వెళ్ళిపోయారట. అప్పట్నుంచి నాన్నగారు మాకు అంకెలు ఇచ్చారు. అన్నయ్య ఒకటి. పెద్దనాన్నగారి పిల్లలు రెండు, మూడు, నాలుగు. నేను ఐదు. మా చెల్లి బేబి ఆరు. బండి ఎక్కడ ఆగి మళ్ళీ కదలాలన్నా నాన్నగారు స్టీరింగు పట్టుకుని "లెక్క" అనేవారు. మేం వరసగా అంకెలు చెప్పాలి. ఆరు వినపడ్డాకే బండి కదలాలి.

వెనక్కి తిరిగి చూసుకోవచ్చు కదా అంటారు. నాన్నగారికి చిన్నప్పుడు అరుగుమీంచి పడి మెడ పట్టేసింది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. డ్రైవింగు సీట్లో అది కుదరదు. అందుకని ఆయన పిల్లల్ని చెవులతో లెక్కపెట్టుకునేవారు.

నాకు ఎవరి గొంతైనా పట్టుబడేది. హెడ్మాస్టరు గారి దగ్గు, పాలావిడ కేక, మా అమ్మ విసుగు, అన్నీ అచ్చంగా దింపేదాన్ని. బేబికి పుట్టుకతోనే బొంగురు గొంతు. అది మరీ సులువు. బేబి నిద్రపోతే దాన్ని లేపి అంకె చెప్పించేదాకా నాన్నగారు బండి తియ్యరు కదా, అందుకని రెండుసార్లు నేనే దాని గొంతుతో "ఆరు" అనేశాను. రెండుసార్లూ అది నా ఒళ్ళోనే పడుకుని ఉంది. అన్నయ్యా వాళ్ళూ నోళ్ళు మూసుకుని నవ్వారు. ఇది దాచను. ఇది దాస్తే మిగతాది రాయడం దేనికి?

ఆ ఏడాది కాకినాడ బయల్దేరాం. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లి దగ్గర దిగాలి. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, పంటు అంటే పడవల మీద బల్లలు పరిచి కట్టిన పెద్ద తెప్ప. కార్లు కూడా దాని మీదే గోదావరి దాటుతాయి. మోటారు లాంచి దాన్ని లాక్కెళుతుంది. కారు ఎక్కించేటప్పుడు మనుషులు దిగిపోవాలి. ఖాళీ కారుని డ్రైవరు బల్లల మీదుగా ఎక్కిస్తాడు, వెనక జనం నడిచి ఎక్కుతారు.

పొద్దున్న పదిగంటలై ఉంటుంది. బేబికి ఐదేళ్ళు, ఎర్ర గౌను వేసుకుంది. నాకు తొమ్మిది. కారు దిగితే బేబి చెయ్యి పట్టుకోవడం నా పని. ఐదు ఆరుని పట్టుకోవాలి, అది నాన్నగారు పెట్టిన నియమం.

దిగ్గానే నాకు కడుపులో తిప్పింది. గట్టు మీద ఓ పడవ బోర్లించి ఉంది. దాని నీడలో బేబిని కూర్చోబెట్టి "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తా" అని పక్కకి పరిగెత్తాను. వాంతయింది. అమ్మ వచ్చి మొహం కడిగింది, నిమ్మకాయ చెక్క నోట్లో పెట్టింది, రెక్క పట్టుకుని పంటు మీదికి నడిపించి కారు వెనక సీట్లో కూలేసింది. నేను కళ్ళు మూసుకున్నాను. బేబి సంగతి నాకు గుర్తులేదు. నాన్నగారో అన్నయ్యో ఎత్తుకుని ఉంటారనుకున్నానా? అది కూడా అనుకోలేదు. నిజంగా గుర్తులేదు. దీనికి నేను ఏ సాకూ చెప్పను.

మాలో పెద్దవాళ్ళు ముగ్గురూ కారు బయట రెయిలింగు పట్టుకుని నీళ్ళు చూస్తున్నారు. నాలుగో అంకె అక్క నాకు కుడిపక్కన కూర్చుంది, తలుపువైపు తిరిగి. అమ్మ వెనకాల డిక్కీ తీసి ఏదో సర్దుతోంది. నాన్నగారు స్టీరింగు ముందు కూర్చుని ఉన్నారు. లాంచి వాళ్ళు తాడు విప్పబోతూ "పోనిమ్మంటారాండీ" అని అడిగారు.

నాన్నగారు "లెక్క" అన్నారు.

బయట్నుంచి ఒకటి, రెండు, మూడు. పక్కన్నుంచి నాలుగు. నేను నిమ్మచెక్క పళ్ళ మధ్య పెట్టుకునే "ఐదు" అన్నాను.

"ఆరు."

నా ఎడంపక్క నుంచి వచ్చింది ఆ మాట. బేబి ఎప్పుడూ కూర్చునే చోటు నుంచి, దాని బొంగురు గొంతుతో. నేను కళ్ళు తెరవలేదు. తెరవాల్సిన అవసరం ఏముంది, ఉందిగా అది.

"ఆయ్, పోనియ్యండి" అన్నారు నాన్నగారు. తాడు విప్పేరు.

పంటు నడి గోదావరిలోకి వచ్చాక అమ్మ సున్నుండలు పంచింది. తలా ఒకటి. డబ్బాలో ఒకటి మిగిలిపోయింది. "బేబేదే?" అంది అమ్మ నన్ను. నేను కళ్ళు తెరిచి ఎడంపక్కకి చూశాను. సీటు ఖాళీగా ఉంది.

కారు కింద చూశారు, డిక్కీలో చూశారు, లాంచిలో చూశారు. అప్పుడు అన్నయ్య "అదిగో" అన్నాడు. వెనక ముక్తేశ్వరం గట్టు మీద ఎర్రగా చిన్న చుక్క. అది కదులుతోంది. నీళ్ళవైపు.

తరవాత ఆ పంటు మీద ఎంతసేపున్నామో గడియారం ప్రకారం నాకు తెలియదు. నాన్నగారు లాంచి నడిపే సరంగుని వెనక్కి తిప్పమన్నారు. ఆయన చెడ్డవాడేం కాదు. "వేసంగి నీళ్ళండి, రెండు పక్కలా ఇసక మేటలు. ఇక్కడ తిప్పితే మేటెక్కి కూచుంటాం. అవతలికి చేరాల్సిందేనండి, బాబుగారూ" అన్నాడు. అంటూ తనే ఏడ్చాడు. నాన్నగారు చెప్పులు విడిచేశారు, దూకబోయారు. అమ్మా ఇంకో ఇద్దరూ పట్టుకున్నారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగరు. ఆరోజు "బేబీ, ఆగమ్మా, ఆగు" అని అరిచి అరిచి గొంతు పోయింది. లాంచి మోతలో ఆ అరుపు పక్కనున్న మాకే సరిగా వినపడలేదు.

మెడ తిరగదు కదా, ఆయన మనిషంతా వెనక్కి తిరిగి, వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి నిలబడ్డారు. చుక్క నీళ్ళ అంచుకి వచ్చింది. సగమైంది. అంటే నీళ్ళలో దిగింది. అమ్మ బల్లల మీద కూర్చుండిపోయింది. చుట్టూ నీళ్ళు, మా పంటు మాత్రం తన దారిన తను కోటిపల్లివైపు పోతోంది. ఎవరం ఏమీ చెయ్యలేకపోయాం. అంత చేతకానితనం నేను మళ్ళీ ఒక్కసారే చూశాను, దాని గురించి తరవాత చెబుతాను.

ఆ చుక్క ఆగింది. కాసేపు కదల్లేదు. తరవాత వెనక్కి నడిచింది, పడవ నీడలోకి వెళ్ళి కనపడకుండా పోయింది.

కోటిపల్లిలో చేపలవాళ్ళ నావ ఒకటి మాట్లాడుకుని నాన్నగారు, నేను వెనక్కి వచ్చాం. నన్నెందుకు ఎక్కించుకున్నారో తెలియదు, నేనే గెంతానేమో. బేబి బోర్లించిన పడవ పక్కన కూర్చుని ముంజలు తింటోంది. గౌను నడుం దాకా తడిసి ఉంది. పక్కన ముంజలమ్మే ఆవిడ.

ఆవిడ చెప్పింది ఇది: "నేను కత్తితో కాయ కొడతన్నానండి, సూసుకోలేదు. తలెత్తేసరికి నడుంలోతు దిగిపోయిందండి. నేను లేచేలోపే ఠక్కున ఆగిపోయింది, ఎవరో పిలిసినట్టు. 'ఆరు' అందండి గట్టిగా. అని ఎనక్కొచ్చి కూచుంది. ఆరేంటమ్మా అంటే చెప్పదు."

నాన్నగారు బేబిని ఎత్తుకుని అడిగారు. "మీరు లెక్క అన్నారు కదా. ఆరు అన్నాను. నంబరు చెప్పేక కదలకూడదు కదా, అందుకని కూర్చున్నాను" అంది అది. లెక్క అయ్యాక ఎవరి చోట వాళ్ళు కూర్చోవాలి, లేవకూడదు. అదీ మా నియమమే.

పంటు ఎక్కడుండగా అంది అని నాన్నగారు ముంజలావిడని రెండుసార్లు అడిగారు. ఆవిడ గోదావరి నడిమికి వేలు చూపించింది. మేం "ఆరు" విన్నది తాడు విప్పకముందు. నాన్నగారు ఆరోజు "లెక్క" అన్నది ఒక్కసారే, అదీ తాడు విప్పకముందే.

నీళ్ళ మీద శబ్దం దూరం ప్రయాణిస్తుందని ఏటా తొమ్మిదో తరగతికి నేనే పాఠం చెబుతాను. ఎంత దూరమైనా పోనీ, కాలంలో వెనక్కి మాత్రం పోదు. కంగారులో ముంజలావిడ పొరబడి ఉండొచ్చు. బేబి పంటు కదలకముందే అని ఉండొచ్చు, గట్టు మీద నుంచి. అయితే నా ఎడంపక్కన ఎలా వినపడింది? నాలుగో అంకె అక్కని ఇప్పటికి వందసార్లు అడిగి ఉంటాను. "నీ అవతల్నించే వచ్చింది, నువ్వే అన్నావనుకున్నాను" అంటుంది.

మా వాళ్ళందరూ అదే అనుకున్నారు. గొంతులు మార్చే పిల్ల. అంతకుముందు రెండుసార్లు చేసిన పిల్ల.

ఆ సాయంత్రం కాకినాడలో నాన్నగారు నన్ను పక్కకి పిలిచారు. "అమ్మాజీ, ఆరు అన్నది నువ్వామ్మా?" అని అడిగారు. కోపంగా అడగలేదు.

"కాదండి నాన్నగారూ."

"ఆయ్" అన్నారు. అంతే. నమ్మి అన్నారో, ఇంక పొడిగించకూడదని అన్నారో ఆ ఆయ్‌లో నాకు తెలియలేదు. మళ్ళీ ఆయన ఆ మాట ఎత్తలేదు. ప్రయాణాలు మానలేదు గాని, ఆ తరవాత బండి దిగి, వెనక తలుపు తీసి, ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి లెక్కపెట్టుకునేవారు. నా తల మీద చెయ్యి పడ్డప్పుడల్లా నేను ఆయన మొహం చూసేదాన్ని. ఏమీ కనిపించేది కాదు.

నేను గొంతులు మార్చడం మానేశాను. ఒక్కరి గొంతూ మళ్ళీ దింపలేదు.

నలభై ఏళ్ళుగా మా ఇళ్ళల్లో పెళ్ళయినా పేరంటమైనా ఈ కథ చెప్పుకుంటారు. అమ్మాజీ కొంటెతనానికి బేబి గోదాట్లో కలిసిపోవాల్సింది అని అన్నయ్య చెబుతాడు, అందరూ నవ్వుతారు. మా ఆయన కూడా. నేను కాదని పోట్లాడితే ఇంకా నవ్వుతారు. అన్నింటికంటే బేబి "పోనిద్దూ అక్కా, చిన్నపిల్లవి" అంటుంది చూడండి, అది నాకు ముల్లులా దిగేది. చెయ్యి వదిలేసింది నేనే, ఆ తప్పు నాదే, ఎన్నిసార్లైనా ఒప్పుకుంటాను. చెయ్యని తప్పుని క్షమిస్తే ఎలా ఒప్పుకోవాలి? వీళ్ళెవరూ నమ్మకపోయినా ఫరవాలేదు. నాన్నగారు నమ్మారా లేదా, నాకు అదొక్కటే కావలసింది. అడుగుదామని నోటిదాకా వచ్చేది. ఆయన మళ్ళీ "ఆయ్" అంటే ఏం చెయ్యను?

రెండేళ్ళ క్రితం నాన్నగారికి ఊపిరితిత్తులు పాడయ్యాయి. అమలాపురంలో ఆస్పత్రిలో పెట్టాం. అమ్మ అప్పటికే లేదు. మూడోరోజు మధ్యాహ్నం డాక్టరుగారు ఇంక చేసేదేం లేదండీ అని చెప్పి ఐసీయూ నుంచి గదిలోకి మార్చారు. మేం ఐదుగురం మంచం చుట్టూ ఉన్నాం. బేబి విజయవాడ నుంచి కారులో వస్తోంది.

రావులపాలెం దాటాక ఓసారి ఫోన్ చేసింది. తరవాత కలవలేదు. దారంతా కూతురు ఫోన్లో వీడియోలు చూసి చార్జింగు మొత్తం అవగొట్టిందట. కొత్తపేట దగ్గర కొబ్బరికాయల లారీ అడ్డం పడి బళ్ళు ఆగిపోయాయట. ఇవన్నీ మాకు తరవాత తెలిశాయి. అప్పటికి తెలిసిందల్లా, గదిలో మా ఐదుగురి చేతుల్లో ఐదు ఫోన్లున్నాయి, ఒక్కదాంట్లోనూ బేబి గొంతు రావడంలేదు.

నాన్నగారు ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి లాక్కున్నారు. ఏదో అన్నారు. అన్నయ్య వంగి విన్నాడు. "లెక్క అంటున్నారు" అన్నాడు.

చెప్పాం. అందరం యాభై దాటినవాళ్ళమే. ఒకటి అన్నాడు అన్నయ్య. రెండు, మూడు, నాలుగు. ఒక్కో అంకెకి నాన్నగారు కుడిచేతి వేలు ఒకటి ముడిచారు. నేను ఐదు అన్నాను. ఆ చెయ్యి అయిపోయింది. ఆరోదానికి ఎడంచెయ్యి కావాలి, దానికి సెలైన్ సూది ఉంది. ఆ చేతి బొటనవేలు కొంచెం కదిపి ఆగారు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. వింటున్నారు.

నలుగురూ నావైపు చూశారు.

నాకు అర్థమైంది. నేను తల అడ్డంగా ఊపాను. అన్నయ్య నా భుజం పట్టుకున్నాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళు. "అనెయ్యవే అమ్మాజీ. ఆయన ఎదురు చూస్తున్నారు" అన్నాడు చిన్నగా. అంటే ఏమవుతుందో నాకు తెలుసు. నలభై ఏళ్ళుగా కాదు కాదని మొత్తుకున్నది, ఆయన ఆఖరి ఘడియలో నేనే చేసి చూపించినట్టవుతుంది. అనకపోతే ఆయన లెక్క పూర్తికాదు. ఆ బొటనవేలు అలాగే ఆగి ఉంది. ఆ పంటు మీద లాగే ఉంది నాకు, దూకడానికీ లేదు, వెనక్కి తిప్పడానికీ లేదు.

"ఆరు" అన్నాను. ఐదేళ్ళ బేబి గొంతుతో. తొమ్మిదో ఏట వదిలేసిన విద్య, అచ్చంగా అలాగే వచ్చింది. వెనక నాలుగో అంకె అక్క ఉలిక్కిపడింది.

నాన్నగారు కళ్ళు తెరిచారు. మెడ ఎలాగూ తిరగదు, కళ్ళు మాత్రం తిప్పి నన్ను వెతుక్కున్నారు.

"ఇది నువ్వమ్మా" అన్నారు. ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆరోజు నువ్వు కాదు."

అందరూ విన్నారు. అన్నయ్య చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది.

అప్పుడే తెలుసా, ఇప్పుడు రెండూ పోల్చుకుంటే తెలిసిందా అని అడగాలనుకున్నాను. మరి ఆరోజు ఎవరు అని అడగాలనుకున్నాను. ఆయన మళ్ళీ మాట్లాడలేదు. బేబి గంట తరవాత వచ్చింది. ఆయన చెవి దగ్గర "ఆరు నాన్నగారూ, ఆరు" అని ఎన్నిసార్లు అందో. వినే స్థితి దాటిపోయారు. చీకటి పడకముందే పోయారు.

దినాలైపోయాక బేబికి జరిగింది చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు. "నేనే అన్నానక్కా. గట్టు మీదే నాన్నగారికి చెప్పాను కదా, లెక్క అన్నారు, ఆరు అన్నాను అని. మీరెవరూ వినిపించుకోలేదు" అంది. ఐదేళ్ళ పిల్ల ఆరోజు ఏం చెప్పిందో, నలభై ఎనిమిదేళ్ళ బేబి ఇప్పుడూ అదే చెప్పింది.

ఇప్పుడు మా ఇళ్ళల్లో ఎవరూ ఆ కథ చెప్పి నవ్వడంలేదు. నా కోరిక తీరింది, నాన్నగారు నన్ను నమ్మారు. కానీ నింద నా మీద ఉన్నన్నాళ్ళూ, ఆరు అన్నదెవరు అంటే చెప్పడానికి అందరికీ ఒక పేరుండేది. ఇప్పుడు అదీ లేదు. క్లాసులో శబ్దం పాఠం వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తున్నాను. పిల్లలు ప్రశ్నలడిగితే బోర్డువైపు తిరుగుతున్నాను.